అరువు చేతులు

హాలండ్‌లో పుట్టి, దేశాలు పట్టుకు తిరిగి, డెబ్బై దాటాక అబూధాబీకి వచ్చిపడ్డ కోర్నెలిస్‌కి ఇక్కడి ఎండతో రోజూ ఒకటే తగాదా. నీళ్ళరంగు కాగితం మీద పారాలి, పక్క రంగుతో కలవాలి, ఆ తర్వాతే ఆరాలి. ఇక్కడేమో కుంచె ఎత్తేలోపు ఎండి అట్టకడుతుంది. అందుకని డ్రైవరు జిలానీ బాషా చేతికి గొడుగిచ్చి పక్కన నిలబెట్టుకుంటాడు. గొడుగు ఆయనకి కాదు, కాగితానికి. ఆయన నెత్తిమీద అంచులు చీకిపోయిన గడ్డిటోపీ ఒకటి, అంతే.

జిలానీది రాయచోటి. అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో ఒక కట్టుబడి కంపెనీకి కార్లు తోలుతూ తోలుతూ తల నెరిసింది. రెండువేల ఏడు నవంబరులో ఆఫీసువాళ్ళు పిలిచి, కొత్త సంవత్సరం క్యాలెండరుకి ఈయన మన సైట్ల బొమ్మలు వేస్తాడు, ఎక్కడికంటే అక్కడికి తిప్పు అని అప్పజెప్పారు. ఫోటోలు తీయించుకోక ఈ ముసలాయన్ని పిలిపించడం ఏం సోకు అని జిలానీ మొదట నవ్వుకున్నాడు. రెండు వారాలు గొడుగు పట్టేసరికి ఆ నవ్వు పోయింది. తెల్ల కాగితం మీద కుడితినీళ్ళలాంటిదేదో పోసి, దాన్ని అటూ ఇటూ వంచితే, చూస్తుండగానే అది సముద్రమై కూర్చునేది.

"కెమెరా కనపడిందల్లా తీసుకుంటుంది. నేను చూసింది మాత్రమే తీసుకుంటాను" అన్నాడు కోర్నెలిస్ ఒకసారి. ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థం కావడానికి కూడా ఆ రెండు వారాలూ పట్టాయి.

ఆ గురువారం ఇద్దరూ ముసఫ్ఫా అంచున లేస్తున్న ఒక భవనం నాలుగో అంతస్తు మీద ఉన్నారు. సముద్రాలూ పడవలూ ఎన్నని వేస్తారు సర్, మా ఆంధ్రావాళ్ళని వెయ్యండి అని పట్టుబట్టి తీసుకొచ్చింది జిలానీయే. స్లాబు పొయ్యడానికి ఇనుపరాడ్లు పరిచి, ముఠా అంతా వాటిమీద గొంతుక్కూర్చుని కట్లు వేస్తోంది. అడ్డం రాడ్డూ నిలువు రాడ్డూ కలిసిన ప్రతిచోటా వైరు చుట్టి, కటింగ్ ప్లేయరుతో ఒక్క మెలి తిప్పి, తోక తుంచి, గొంతుక్కూర్చునే పక్కదానికి జరగడం. పొద్దుటినుంచీ అదే. మోకాళ్ళు ఏమవుతాయని వాళ్ళనెవరూ అడగరు, వాళ్ళూ ఎవరికీ చెప్పరు.

కోర్నెలిస్ ముందు ఆకాశం వేశాడు, తర్వాత రాడ్ల గళ్ళు వేశాడు. మనుషుల్ని చివర్న దించాడు. ఒక్కొక్కడికి రెండేసి మచ్చలు, నీలం చొక్కాకొకటి, మొహానికొకటి. అలా వరసగా దించుకుంటూ పోయినవాడు నడిమధ్యకి వచ్చేసరికి ఆగి, సన్నకుంచె తీశాడు. ఆ మనిషికి ముక్కు వచ్చింది, మీసం వచ్చింది. జిలానీ మెడ చాపి చూశాడు. సూరిబాబు. కుడిచెయ్యిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని పడుకోబెట్టుకున్నట్టు, ఊరికే కూర్చున్నాడు. చుట్టూ అందరి నడుములూ వంగి ఉన్నాయి.

జిలానీ గొడుగు చెయ్యి మార్చుకుని అడిగాడు. "ఈయన్ని ఎందుకు సర్ ఇంత విడిగా వేసినారు?"

"వీళ్ళందరిలో కదలకుండా ఉన్నది ఇతనొక్కడే. అందుకే బాగా చూడగలిగాను" అన్నాడు కోర్నెలిస్. చాలా తృప్తిగా ఉన్నాడు. మూలన సంతకం కూడా పెట్టేశాడు.

సూరిబాబుది ముమ్మిడివరం వైపు. ఎండాకాలంలో క్రేను దించుతున్న రాడ్ల కట్ట జారి అతని కుడి మణికట్టు మీద పడింది. పుండు మానింది గానీ బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ తిరిగి రాలేదు. చెయ్యి పనికిరాని మనిషిని కంపెనీ ఒక్కపూట ఉంచుకోదు, వీసా కొట్టేసి విమానం ఎక్కిస్తుంది. అందుకని ఫోర్మన్ రహమతుల్లా ఆ సంగతి పైకి చెప్పలేదు. సూరిబాబు వైరు చుట్టలు భుజాన మోస్తాడు, ఎడమచేత్తో రాడ్లకింద సిమెంటు బిళ్ళలు సర్దుతాడు. అతని వాటా కట్లు అటొకడూ ఇటొకడూ వేసేస్తారు. మెట్ల దగ్గర ఇంజనీర్ల తెల్ల హెల్మెట్ కనబడిందంటే ఎవరో ఒకరు "పానీ లావ్" అని కేకపెడతారు. ఆ కేక వినగానే సూరిబాబు ప్లేయరు పట్టుకుని వంగిపోతాడు. నెలల తరబడి ఇదే నాటకం, ఒక్కరోజూ దొరకలేదు.

గడ్డిటోపీకి మాత్రం ఎవరూ పానీ అడగలేదు. బొమ్మలేసుకునే ముసలాయన దగ్గర దాచేదేముందిలే అనుకున్నారు. ఆ బొమ్మలన్నీ ఆదివారం ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, బల్లమీదికి వెళతాయని వాళ్ళకి తెలియదు. తెలిసిన జిలానీ గొడుగు మడిచాడు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక జిలానీ కారు తీశాడు. పక్క సీట్లో సూరిబాబు, ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. ప్రతి శుక్రవారం ఇంతే. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక పెద్ద ఇంట్లో అతని పెళ్ళాం బేబీ పనిచేస్తోంది. ముందు ఆమె వచ్చింది, ఆమెకి దగ్గరగా ఉండొచ్చని తర్వాత ఇతను వచ్చాడు. దగ్గరంటే ఏముంది, వారానికోసారి గేటు దగ్గర. ఆ ఇంటి మేడం చెడ్డది కాదు, కానీ ఆమెకో పద్ధతుంది. మొగుడు గేటుకొచ్చి నిలబడితే బేబీని సాయంత్రం అసర్ నమాజు దాకా బయటికి పంపుతుంది. మొగుడు రాకపోతే గేటు తియ్యదు. ఆడమనిషిని ఒంటరిగా పంపితే నలుగురూ ఏమనుకుంటారంటుంది.

గేటు తెరుచుకోగానే సూరిబాబు బేబీ వైపు చూడలేదు. వాకిట్లో కారు దగ్గర నిలబడ్డ మేడం పెద్దకొడుకు దగ్గరికి నేరుగా వెళ్ళి, గుండెమీద చెయ్యిపెట్టుకుని సలాం చెప్పాడు. తల్లి ఎలా ఉంది, తండ్రి ఎలా ఉన్నాడు అని వచ్చీరాని అరబ్బీలో అడిగాడు. ఆ కుర్రాడు ఫోను చూసుకుంటూ తలాడించాడు. సూరిబాబు ఇంకో నిమిషం అక్కడే ఉండి, అప్పుడు పెళ్ళాంతో బయటికి వచ్చాడు.

"వాడితో నీకేం మాటలు?" అన్నాడు జిలానీ కారెక్కాక.

సూరిబాబు వెనక సీట్లో ఉన్న బేబీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడతన్నాడంటండి. మాటాడ్డు, పోడు. రాత్రుళ్ళు ఈవిడ తలుపుకి బియ్యం బస్తా అడ్డంపెట్టుకుని పడుకుంటంది. ఈవిడికి మొగుడున్నాడు, వారవారం వత్తాడు అని ఆడు కళ్ళారా చూడాలి కదండీ. అంతకంటే నేనేం చెయ్యగలను, చెప్పండి."

ముగ్గురూ ఒక ఖాళీ స్థలం పక్కన కారునీడలో కూర్చున్నారు. బేబీ డబ్బాలో పులిహోర తెచ్చింది. సూరిబాబు ఎడమచేత్తో తింటున్నాడు, ముద్ద జారితే ఆమె అందిస్తోంది. జిలానీ బొమ్మ విషయం చెప్పేశాడు.

సూరిబాబు తినడం ఆపేశాడు. "ముదీర్‌గారు బొమ్మ చూసి కనిపెడతారాండీ?"

"ఆయప్ప ఒకప్పుడు రాడ్లు కట్టినోడే. పని చేసేదెవరో చెయ్యనిదెవరో ఆయనకి ఒకరు చెప్పాల్నా? మధ్యలో నిన్నే పెట్టినాడు, పెండ్లికొడుకు మాదిరి."

"మీసం కూడా వేసేడాండీ?"

"మీసం గూడా వేసినాడు."

బేబీ డబ్బా మూత పెట్టింది. మొగుడికంటే ఆమెదే గట్టి గుండె. "రంగే కదా అన్నయ్యగారూ. ఈయన చేతిలో కటింగ్ ప్లేయరు పెట్టెయ్యమనండి, పన్చేత్తన్నట్టు. ఆయనకేం పోతాది?"

ఆయనకేం పోతుందో శనివారం సాయంత్రం తెలిసింది. కోర్నెలిస్ కంపెనీ గెస్టు ఫ్లాటులో ఉంటున్నాడు. మంచం, బల్ల, రంగులు గడ్డకట్టిన రేకుపెట్టె, రెండు జతల బట్టలు. ఇన్ని దేశాలు తిరిగిన మనిషి సామాను ఒక్క సంచిలో పడుతుంది. జిలానీ, రహమతుల్లా, సూరిబాబు చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపల గోడకానుకుని నిలబడ్డారు. జిలానీ తనకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాడు, చెయ్యి సంగతి, పానీ కేక, గేటు, పెద్దకొడుకు, బియ్యం బస్తా.

కోర్నెలిస్ బొమ్మ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఈ బొమ్మ ఇవ్వకుండా చింపేస్తాను" అన్నాడు.

"ముదీర్ దీన్ని లెక్కలో పెట్టుకున్నాడు సర్. మిమ్మల్ని సైటుకి తోలుకొని పోయినానని నేనే చెప్పినా. యాడ ఆ బొమ్మ అంటాడు. మళ్ళా వెయ్యమంటాడు, తనూ వచ్చి పక్కన కూచుంటాడు."

"అయితే అతన్ని కడిగేసి రాడ్లు వేస్తాను."

"పేర్లు చదివి మనుషుల్ని ఎక్కించినాడు ఆ స్లాబు మీదికి. ఒకడు తక్కువైనాడే అంటాడు సర్, అదింకా చెడ్డ."

కోర్నెలిస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "నేను చూడనిది నా జన్మలో వెయ్యలేదు. ఎంతోమంది అడిగారు. గోడ పగులు తీసెయ్యమని, పడవ కొత్తగా చెయ్యమని, భార్యని సన్నగా వెయ్యమని. వెయ్యలేదు. అందుకే పెద్దగా అమ్ముడుపోలేదు కూడా. నా దగ్గరున్నది ఆ ఒక్కటే."

జిలానీకి కోపం వచ్చింది. వారం క్రితమైతే దొరతో అలా మాట్లాడేవాడు కాదు. "మీరు వచ్చే నెల ఇంకో దేశంలో ఉంటారు సర్. మీ మాట మీతో వస్తాది. బొమ్మ మాత్రం ఈడ్నే ఉంటాది. దానికింద బతకాల్సింది ఈ మనిషి."

ముసలాయన వెనక్కి తిరిగి సూరిబాబుని పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాడు. కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేలు వంచాడు, విడిచాడు. వేలు ఎలా వంచితే అలాగే ఉండిపోయింది. లావుపాటి కుంచె ఒకటి ఆ వేళ్ళ మధ్య పెట్టి, పట్టుకో అన్నట్టు సైగ చేశాడు. సూరిబాబు పళ్ళు బిగించి పట్టుకోబోయాడు. నుదుటిమీద చెమట పట్టింది. కుంచె బల్లమీద పడి దొర్లుకుంటూ కిందికి పోయింది.

"పర్వాలేదండి, ఎడం చేత్తో పట్టుకుంటానండి" అన్నాడు సూరిబాబు సిగ్గుపడుతూ. అతను కిందికి వంగబోతే కోర్నెలిస్ వద్దని భుజం పట్టుకుని తనే వంగి కుంచె తీసుకున్నాడు.

తర్వాత మంచినీళ్ళతో మెత్తటి కుంచె తడిపి బొమ్మలో సూరిబాబు ఒళ్ళోని చేతుల మీద పెట్టాడు. రంగు నానేదాకా ఆగి, పాతగుడ్డతో అద్ది తీశాడు. మళ్ళీ తడిపాడు, మళ్ళీ అద్దాడు. గోధుమరంగు కొద్దికొద్దిగా గుడ్డకి వచ్చేసింది. మనిషికి మోచేతుల దాకా ఉండి, అక్కడినుంచి తెల్ల కాగితం. సూరిబాబు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"చేతులు కావాలి. చూడకుండా వెయ్యలేను. ఎవరైనా పని చేసి చూపించండి" అన్నాడు కోర్నెలిస్.

జిలానీ స్టీరింగు తప్ప ఇంకోటి పట్టి ఎరగడు. రహమతుల్లా ముందుకొచ్చాడు. నెల్లూరి మనిషి, మాట తక్కువ. కట్టులో అతనంత వేగం, అంత బిగువు ఆ కంపెనీలో ఇంకెవరికీ లేవు. గెస్టు ఫ్లాటులో రాడ్లెక్కడివి. రెండు కర్టెన్ రాడ్లు పీకి ఒకదానిమీద ఒకటి అడ్డంపెట్టి, జేబులోంచి వైరు తీసి చుట్టి, ప్లేయరు బిగించాడు. మెలి సగం తిప్పినచోట ఆగి, అలాగే ఉండిపోయాడు.

"ఎంతసేపు పట్టుకోబళ్ళా?" అన్నాడు.

"ఆయన చాలనేదాకా" అన్నాడు జిలానీ.

రహమతుల్లా ఇంక కదల్లేదు. కోర్నెలిస్ ఆ మణికట్టు వంపు చూశాడు, ఉబ్బిన నరం చూశాడు, చిటికెనవేలు ప్లేయరు పిడికింద ఆనించిన తీరు చూశాడు. ఇష్టంలేని పని చేస్తున్నవాడిలా మొదలుపెట్టాడు గానీ, కాసేపటికి ఆయనకది పట్టుకుంది. ఏ పని చేసినా బాగా చెయ్యకుండా ఉండలేని మనుషులుంటారు, ఇద్దరూ ఆ జాతే. చీకటి పడే వేళకి సూరిబాబు మోచేతుల చివర రహమతుల్లా చేతులు మొలిచాయి. ఎంత చక్కగా ఉన్నాయంటే, మిగతా ముఠా అంతా పని నేర్చుకుంటున్నవాళ్ళలా కనబడ్డారు.

సూరిబాబు బొమ్మలో తనని చూసుకుని, "ఎండాకాలానికి ముందు నేనిలాగే ఉండేవోణ్ణండి" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కోర్నెలిస్ మూలనున్న తన సంతకాన్ని తడిపి, గుడ్డతో అద్ది తీసేశాడు.

ఆదివారం ముదీర్ గదికి కోర్నెలిస్ వెంట జిలానీ అట్టసంచి మోసుకెళ్ళి ఒక్కో బొమ్మా బల్లమీద పెట్టాడు. ముదీర్ పొట్టి మనిషి, మెడ లావు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే గల్ఫులో రాడ్లు కట్టి పైకొచ్చినవాడు, ఆ సంగతి దాచుకోడు కూడా. పడవల బొమ్మ చూసి బాగుందన్నాడు. సముద్రం చూసి బాగుందన్నాడు. స్లాబు బొమ్మ రాగానే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ముదీర్ వేలు ఒక్కొక్క మనిషి మీదుగా జరుగుతూ వచ్చి సూరిబాబు దగ్గర ఆగింది.

"ఎవరితను?"

కోర్నెలిస్ జిలానీ వైపు చూశాడు. "సూరిబాబు, సార్" అన్నాడు జిలానీ.

"ఈ మణికట్టు చూడు. చిటికెనవేలు చూడు ఎక్కడ పెట్టాడో. అలా పెట్టినవాడికే ఒక్క తిప్పుకి కట్టు పడుతుంది. మా రోజుల్లో నాకు నేర్పిన ఉస్తాద్ అలా పట్టేవాడు. ఆయన పోయాక ఇలాంటి పట్టు నేను చూడలేదు." ముదీర్ గొంతులో నిజంగానే ఆపేక్ష ఉంది. "ఇన్నాళ్ళూ ఇతను నా దగ్గరున్నాడా? నాకు తెలియనేలేదే."

జిలానీకి గండం గడిచిందనిపించింది. ముదీర్ ఫోనందుకున్నాడు. దుబాయిలో కంపెనీ కడుతున్న టవరు వెనకబడిపోయింది, పనితనం ఉన్న రాడ్ల ఫిక్సర్లని పంపమని రోజూ వాళ్ళ పోరు. ఒక మంచివాణ్ణి పంపుతున్నాను, రేపు పొద్దున బస్సుకి, సోనాపూర్ క్యాంపులో చోటు చూడండి అన్నాడు.

"ఆ చేతులు నేను కల్పించినవి" అన్నాడు కోర్నెలిస్ గట్టిగా. అంతకుమించి చెప్తే సూరిబాబు ఇక్కడే దొరికిపోతాడని తెలిసి అక్కడ ఆగాడు.

ముదీర్ నవ్వాడు. "నువ్వు గొప్ప చిత్రకారుడివే, కాదనను. కానీ ఈ పట్టు చూడకుండా వేసేది కాదు. చూసి వేశావు. అవునా, కాదా?"

అబద్ధమాడటం అలవాటులేని ముసలాయన అవునని తలాడించాడు. చూసి వేసిన మాట నిజమే కదా.

సాయంత్రం రహమతుల్లా వెళ్ళి, సూరిబాబు నాకిక్కడ కావాలి, బదులు నన్ను పంపండి అని బతిమాలాడు. మంచి పనోణ్ణి ప్రతి ఫోర్మనూ దాచుకోవాలనే చూస్తాడు, నువ్వు పోతే ఇక్కడ ముఠా ఎవరు నడుపుతారు, పో అన్నాడు ముదీర్. పెళ్ళాం ఇక్కడుంది అని చెప్పి చూశాడు. అందరి పెళ్ళాలూ ఎక్కడో ఒకచోట ఉన్నారన్నాడు.

సోమవారం తెల్లవారుతుండగా ముసఫ్ఫాలో వాళ్ళ క్యాంపు ముందు బస్సు నిలబడింది. సూరిబాబు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ప్లేయరు పెట్టి, పైన గుడ్డపట్టీ బిగించి చుట్టుకుని, తిప్పి చూసుకుంటున్నాడు. పట్టీతో పాటు చెయ్యంతా తిరుగుతోంది గానీ ప్లేయరు నోరు మూసుకోవడం లేదు. రహమతుల్లా ఆ పట్టీ విప్పి, ఇంకోలా కట్టి, అదీ కుదరక మళ్ళీ విప్పేశాడు.

"ఆడ మనోళ్ళు ఎవురైనా ఉంటారబ్బయా. మొదటి రోజే ఎవురికో ఒకరికి చెప్పుకో, నోరు మూసుకుని కూర్చోబాక" అన్నాడు. అక్కడెవరు ఎవరి వాటా మోస్తారు, మొహం తెలియనివాడి కోసం ఎవరు పానీ అని అరుస్తారు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సూరిబాబు జిలానీ వైపు తిరిగాడు. "శుక్రవారం ఎలాగైనా వత్తానండి. రాలేకపోతే మీరు ఓసారి గేటు కాడికి…" అని ఆగిపోయి, బస్సెక్కాడు.

కోర్నెలిస్ కూడా వచ్చాడు. దూరంగా కారు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వెళ్ళిపోయాక కారెక్కి, చాలాదూరం పోయాక అడిగాడు. "నేను చూసింది చూసినట్టే వదిలేసుంటే?"

"అప్పుడూ పోయేవాడే సర్. ఈడ్నుంచి ఊరికి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు దుబాయికి పోయి, ఆడ్నుంచి ఊరికి."

మంగళవారం సోనాపూర్ నుంచి ఫోను వచ్చింది. టవరు మీద ముదీర్ మాట విని సూరిబాబుని అందరికంటే ముందు వరసలో కూర్చోబెట్టారట. ఇంత పేరున్నవాడి పని చూద్దామని నలుగురు ఇంజనీర్లు చుట్టూ నిలబడ్డారట. మొదటి కట్టుకే బయటపడింది. చెయ్యి పాడైందని దాచి మోసం చేశావని, ఆఫీసులో కూర్చోబెట్టి వీసా కొట్టేశారు. ఆ బొమ్మ సంగతి ఎవరూ అడగలేదు. ముదీర్‌కి మాట పోయిందన్న కోపం రహమతుల్లా మీద పడి, అతన్ని ఫోర్మన్ పనిలోంచి దించి మళ్ళీ రాడ్లమీద కూర్చోబెట్టారు. క్యాలెండరు అప్పటికే అచ్చుకి వెళ్ళిపోయింది.

గురువారం సూరిబాబుని విమానం ఎక్కించారు. అదే రోజు కోర్నెలిస్‌ని జిలానీ అబూధాబీ విమానాశ్రయంలో దించాడు. ముసలాయన రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కారు దిగకుండా కూర్చున్నాడు.

"రేపు ఆ ఇంటికి ఎవరు వెళతారు?"

"నేను పోతా సర్."

"ఏం చెబుతావు?"

జిలానీ కారు దిగాడు. డిక్కీ తీసి సంచి కింద పెట్టాడు. కోర్నెలిస్ దిగి, చెయ్యి కలపడానికి చాచి, తన చెయ్యినే ఒకసారి చూసుకుని, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం జుమా అయ్యాక జిలానీ ఆ ఇంటి గేటు ముందు కారాపి బెల్లు కొట్టాడు. బేబీ పరుగున వచ్చి గేటు జానెడు తీసింది. చీర మార్చుకుని, పువ్వుల క్లిప్పు పెట్టుకుని తయారుగా ఉంది. జిలానీ వెనక ఎవరూ లేకపోవడం చూసి కారు వైపు చూసింది. కారు ఖాళీ.

"వేన్ సూరీ?" అని వరండాలోంచి మేడం కేకేసింది, సూరి ఎక్కడ అని. ఆమె వెనక గుమ్మంలో పెద్దకొడుకు పిడిలేని చిన్న కప్పుతో ఖహ్వా కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాడు. ఈ రోజు అతని చేతిలో ఫోను లేదు. గేటు వైపే చూస్తున్నాడు.

జిలానీ తెలుగులో, గొంతు తగ్గించి చెప్పాడు. బస్సు సంగతి, టవరు సంగతి, విమానం సంగతి. బేబీ గేటు ఊచ పట్టుకుంది.

"ఎప్పుడు?"

"నిన్న. ఆడ్నుంచే నేరుగా ఎక్కించినారు."

"నన్ను చూత్తానని అడగలేదాండీ?"

"అడిగినాడంట చెల్లెమ్మా. వాళ్ళు ఒప్పుకోలా."

ఊచ మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. మొహంలో మాత్రం ఏమీ మారలేదు. ఇంటివైపు వీపు పెట్టి నిలబడింది గనక అక్కడి నుంచి చూసేవాళ్ళకి ఆమె మామూలుగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. జిలానీ ఏడుస్తుందేమోనని చూశాడు. ఏడిస్తే కొంత నయమనిపించింది అతనికి.

"వేన్ సూరీ?" అని మేడం మళ్ళీ అడిగింది. "సూరి లేకపోతే బయటికి లేదు, లోపలికి రా" అని హిందీలో అంది. కోపంగా ఏం కాదు, పద్ధతి చెప్పింది.

వస్తున్నానని బేబీ హిందీలో బదులిచ్చి, జిలానీ వైపు ఒంగింది. "అన్నయ్యగారూ, ఆయన ఎల్లిపోయాడని చెప్పకండి. డ్యూటీలో ఉన్నాడని చెప్పండి. జబ్బని కూడా వద్దు. వచ్చే శుక్రవారం వత్తాడని చెప్పండి. హిందీలో చెప్పండి, గట్టిగా, ఆ గుమ్మం దాకా వినబడాలి."

జిలానీ గొంతు సవరించుకున్నాడు. "సూరీ డ్యూటీ మే హై మేడం. అగ్లే జుమా కో ఆయేగా" అన్నాడు.

మేడం తలాడించి లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మంలో కుర్రాడు అక్కడే ఉన్నాడు, కప్పు ఇంకా నోటిదగ్గరే ఉంది.

"వినబడలేదు ఆడికి" అంది బేబీ వెనక్కి తిరక్కుండానే. "ఇంకోసారి చెప్పండి."

జిలానీ గేటు ఊచల మధ్యకి మొహం పెట్టి, ఆ కుర్రాడి కళ్ళలోకి చూస్తూ, సూరి వచ్చే శుక్రవారం వస్తాడని మళ్ళీ అరిచి చెప్పాడు.